చీమలు తెచ్చిన కబురు

ఆగిరిపల్లి,
భస్మ బుధవారం మర్నాడు.

అక్కయ్యకి,

మా ముగ్గురి వందనాలు. నీ చేతికి ఉత్తరం వచ్చిందంటే ఎవరో పోయారనుకుని కంగారుపడతావని ముందే చెబుతున్నాను, అందరం బాగానే ఉన్నాం. ఈస్టరు దాకా ఈ శ్రమల కాలం నలభై రోజులూ నేను ఫోన్ ఉపవాసం పట్టాను. ఫోన్ ఆపేసి సంఘపెద్ద పున్నయ్య చేతికిచ్చాను. ఆయన బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఇంట్లో ఉన్నది ఆ ఒక్క ఫోనే కాబట్టి నీ మరదలు విమలకీ ఉపవాసమే. ఆవిడ మొహం చూస్తే నాకంటే ఎక్కువ పుణ్యం ఆవిడకే దక్కేలా ఉంది.

ఇంకో సంగతి. పాస్టరుగా రోజూ సాయంత్రం మందిరంలో ఒక పాఠం చెబుతానని సంఘానికి మాటిచ్చాను. పుస్తకంలోంచి తీసింది కాదు, ఆ రోజు నా కళ్లతో చూసిందే చెప్పాలి. నిన్న నర్సరీలో మామిడి అంట్లు కట్టాను కదా, దాని గురించే చెప్పాను. మొక్కకి గాటు పెట్టాలి, కొమ్మకీ గాటు పెట్టాలి. ఆ రెండు గాయాలూ ఒకదానికొకటి ఆనుకునేలా పట్టీ బిగించి కట్టాలి. గాయం లేకుండా ఏ అంటూ అతుక్కోదని చెబితే, తోటల్లో పనిచేసొచ్చిన వాళ్లు తలలూపారు. వాళ్ల చేతులకి తెలిసిన సంగతే అది. వాళ్ల చెవులకి మాత్రం నిన్నే చేరింది.

కెజియా కూడా నాన్నతోపాటు తనూ ఒంటిపూట ఉపవాసం ఉంటానంది. బళ్లో మధ్యాహ్నం అన్నం మానేసింది. పదకొండేళ్లకే ఆ పట్టుదల చూస్తే నాకు లోపల ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. ఈ సంగతి కూడా మందిరంలో చెప్పాను.

ఈ ఏడు పూత బాగుంది. మంచు పట్టకుండా ఉంటే చాలు.

నీ తమ్ముడు,
జోజిబాబు


భిలాయ్,
ఆదివారం, డ్యూటీ దిగి వచ్చాక.

ఒరేయ్ జోజీ,

ఉత్తరం చూసి నిజంగానే కంగారుపడ్డాను. నువ్వు 'అందరం బాగున్నాం' అని కాగితం లోపల రాస్తే, కవరు విప్పేదాకా నాకెట్లా తెలుస్తుందిరా?

నీ నలభై పాఠాల సంగతికి నవ్వొచ్చింది. చిన్నప్పుడు కోడి గుడ్డు పెట్టినా అందులో ఏదో అర్థం ఉందని నన్ను కూర్చోబెట్టి చెప్పేవాడివి. అర్థం నాకిచ్చి గుడ్డు నువ్వు తినేవాడివి. అంటుకట్టు పాఠం మాత్రం నచ్చింది, కాదనను. మా పిల్లల వార్డులో ఓ తల్లికి అదే చెప్పాను. నీ పేరు చెప్పలేదులే.

కానీ పదకొండేళ్ల పిల్లకి ఉపవాసమేంటి? అది ఎదిగే వయసు. మధ్యాహ్నం అన్నం తినమని చెప్పు. ఇది అక్కగా కాదు, నర్సుగా చెబుతున్నాను. ఇంకో ముక్క కూడా చెప్పనీ. దాన్ని మందిరంలో చెప్పకు. ఆడపిల్లరా అది, నీ ప్రసంగానికి సామాను కాదు.

విమలని అడిగానని చెప్పు. కెజియాకి నా ముద్దులు.

శకుంతల


ఆగిరిపల్లి,
మార్చి రెండో ఆదివారం.

అక్కయ్యకి,

నీ ఉత్తరం అందింది. నీ మాట మీద కెజియా ఉపవాసం ఆరోజే మాన్పించాను. కాబట్టి ఆ కోపం దించుకో.

నిజం చెప్పాలంటే, ఇప్పుడది రెండింతలు తింటోంది. పళ్లెం ఎత్తేలోపే మళ్లీ ఆకలంటుంది. అయినా ఒళ్లు పట్టడం లేదు, గౌన్లు వదులయిపోయాయి. విమల నడుం దగ్గర కుట్టు వేసి బిగించింది. ఎత్తు పెరిగే ముందు పిల్లలు చిక్కుతారని మన అమ్మ అనేది గుర్తుందా? నీరసమంటోందని విమల పొద్దునా సాయంత్రం గ్లూకోజు కలిపి ఇస్తోంది.

ఇక నీళ్లు. అక్కా, ఆ పిల్ల నీళ్లు తాగే తీరు చూడాలి. కుండ దగ్గరే నిలబడి గ్లాసు తర్వాత గ్లాసు తాగుతుంది, పడుకునేటప్పుడు పక్కన చెంబు పెట్టుకుంటుంది. ఎండ ఇంకా ముదరనే లేదు. వాగు కోసం రొప్పే దుప్పిలాగా ఆత్మ దాహంతో ఉండాలని మనం చదువుకున్నాం కదా, ఆ దాహం ఎలా ఉంటుందో నా ఇంట్లోనే చూశాను. శుక్రవారం సాయంత్రం అదే పాఠం చెప్పాను. పేరు చెప్పలేదు, 'ఒక పిల్ల' అన్నాను. చాలామంది కళ్లు తుడుచుకున్నారు. ఇప్పుడు రెడ్డిగూడెం నుంచి, మైలవరం నుంచి కూడా బళ్ల మీద వస్తున్నారు. మందిరంలో చోటు చాలక బయట పట్టాలు పరుస్తున్నాం.

నిన్నటి పాఠం చీమల మీద. మా బాత్రూమ్ గచ్చు మీద ఎక్కడినుంచి వస్తున్నాయో చీమలు బారు కట్టి వస్తున్నాయి. విమల కడుగుతుంది, ఫినాయిల్ పోస్తుంది, మర్నాటికి మళ్లీ అక్కడే ఉంటాయి. అక్కడ బెల్లం లేదు, మెతుకు లేదు. ఏమీ లేనిచోట కూడా ఆహారం ఉంటుందని నమ్మి వస్తాయే, మనకి ఆపాటి విశ్వాసం ఉందా అని అడిగాను.

నీ దగ్గర ఉన్నవి మందులూ చార్టులూ. అవీ కావాలి, కాదనను. కానీ కొన్నిటిని వేరే కళ్లతో చూడాలక్కా. నువ్వేమో ప్రతిదానికీ నర్సుగా చెబుతున్నానంటావు.

జోజిబాబు


భిలాయ్,
గురువారం. స్పీడ్ పోస్ట్‌లో.

జోజీ,

ఇది అందగానే నిలబడి చదువు. చదివాక కూర్చోకు.

కెజియాని తీసుకుని నూజివీడు వెళ్లు. ఏ ల్యాబ్‌లోనైనా సరే, వేలి చివర చుక్క రక్తం తీసి షుగర్ చూడమను. నిమిషం పని. సాయంత్రం పాఠం అయ్యాక వెళ్దాంలే అనుకోకు. ఆదివారం దాకా ఆగుదామనుకోకు.

నువ్వు రాసినవి ఒక్కొక్కటే మళ్లీ చదివాను. దాహం. తిన్నా చిక్కిపోవడం. నీరసం. చీమలు. బాత్రూమ్‌లో తినడానికి ఏమీ లేదన్నావు. ఉందిరా. పిల్ల ఒంటికి పట్టాల్సిన చక్కెర మూత్రంలో పోతోంది, చీమలు దానికోసం వస్తున్నాయి. మా వార్డుకి ఇలాంటి పిల్లలు వస్తారు. కొంతమంది తల్లిదండ్రులు సమయానికి తెస్తారు. కొంతమంది తేరు.

షుగర్ ముసలాళ్లకొచ్చే జబ్బు కదా అంటావు. ఇది అమ్మకొచ్చింది కాదు. పిల్లలకొచ్చేది వేరు. అది మాత్రలకీ పథ్యానికీ లొంగదు, ఇన్సులిన్ సూది పడాల్సిందే. సూది పడితే పిల్ల అందరిలాగే పెరుగుతుంది. పడకపోతే పెరగదు. ఇంతకంటే మెత్తగా రాయడం నాకు చేతకావడం లేదు.

గ్లూకోజు ఇప్పుడే ఆపించు.

కడుపునొప్పన్నా, వాంతి చేసుకున్నా, ఊపిరి ఎగబీల్చినట్టు లోతుగా తీస్తున్నా, నోట్లోంచి మాగిన పండు వాసన వచ్చినా ఇక ల్యాబ్ వద్దు, నేరుగా పెద్దాసుపత్రికే. ఆ పండు వాసన మంచిది కాదు. బాగా గుర్తుపెట్టుకో.

అమ్మ కాలు తీసేసిన రోజు నువ్వు ఆసుపత్రి గేటు దగ్గరే ఆగిపోయావు. అప్పటినుంచీ షుగరన్న మాట వినపడితే నువ్వు అక్కడ ఉండవు. నాకు తెలుసు. నేనేమీ అనలేదు. ఇప్పుడంటున్నాను. గేటు దాటు.

నీ ఫోన్‌కి చేస్తూనే ఉన్నాను, స్విచాఫ్ అంటోంది. ఊళ్లో ఇంకెవరి నంబరూ నా దగ్గర లేదు. ఉపవాసం పట్టింది నువ్వు, ఆకలి నాకు. సెలవు పెట్టాను, సోమవారం రైలెక్కుతున్నాను. అప్పటిదాకా నువ్వే దానికి దిక్కు.

శకుంతల


ఆగిరిపల్లి,
మట్టలాదివారానికి ముందు రోజు, పొద్దున.

అక్కయ్యకి,

నీ దగ్గర్నుంచి జవాబు రాలేదు. కిందటి ఉత్తరంలో కాస్త దురుసుగా రాశానని విమల అంది. అలా అనిపిస్తే ఏమనుకోకు.

రేపు మట్టలాదివారం. పిల్లలందరూ తాటాకులు పట్టుకుని ఊరేగాలి. కెజియా రాగలదో లేదో. రాత్రి వాంతయింది. బళ్లో తిన్నదేదో పడలేదనుకుంటాను. కడుపు పట్టుకుని పడుకుంది. వాము నీళ్లు పట్టించాం. ఊపిరి కూడా కొంచెం బరువుగా తీస్తోంది, దూరం నడిచొచ్చినట్టు. పడుకుంటే తగ్గుతుంది.

ఒక్క సంగతి మాత్రం నీకు రాయాలనిపించింది. తెల్లవారుజామున దాన్ని భుజాన వేసుకుని వరండాలో తిప్పుతున్నాను. దాని ఊపిరి నా మెడకి తగులుతోంది. అక్కా, మాగిన రసం పండు వాసన. గడ్డిలో వేసిన కాయలు పండాక ఆ గది తలుపు తీస్తే ఎట్లా గుప్పుమంటుందో అట్లా. ఇంట్లో పండు లేదు. చెట్ల మీద కాయ ఇంకా టెంక కూడా కట్టలేదు. నాకు ఒళ్లు ఝల్లుమంది. కాలం కాని కాలంలో ఈ పిల్లలోంచి ఆ పరిమళం రావడానికి అర్థమేంటని ఆలోచిస్తున్నాను. శ్రమల్లోనే ఫలం మాగుతుంది అన్న మాట మీద రేపటి పాఠం

పోస్టాయన వచ్చాడు. నీ ఉత్తరమే. చదివి మిగతాది రాస్తాను.


విజయవాడ, ఆసుపత్రి వరండా.
మంగళవారం. పై కాగితమే, వెనక వైపు.

అక్కా,

అవతలి వైపు రాసింది నేనే. కొట్టేద్దామని పెన్ను తీశాను. కొట్టెయ్యలేదు. రైలు దిగి నువ్వు ఇంకాసేపట్లో వస్తావు. నీ మొహం చూస్తూ ఇవేవీ చెప్పలేను, అందుకని ఇది నీ చేతిలో పెడతాను. చదివేటప్పుడు నావైపు చూడకు.

నీ ఉత్తరం నిలబడే చదివాను. పండు వాసన దగ్గరికొచ్చేసరికి కాగితం జారి కింద పడింది. లోపలికెళ్లి దాని నోటి దగ్గర మొహం పెట్టాను. ఇంకోసారి చూడాలా, అప్పటికే తెలుసు కదా. అయినా చూశాను. 'కెజియా' అన్నాను. కళ్లు సగం తెరిచి నన్ను గుర్తుపట్టనట్టు చూసింది.

పున్నయ్య ఆటో తీశాడు. నూజివీడులో వేలికి సూది గుచ్చి మిషన్‌లో పెట్టారు. అంకె రాలేదు. అంకెకి అందనంత ఉందన్నారు. అక్కడినుంచి అంబులెన్స్. దారంతా విమల పిల్ల తల ఒళ్లో పెట్టుకుని పేరు పెట్టి పిలుస్తూనే ఉంది. నేను ప్రార్థన చేద్దామని నోరు తెరిచాను. నాకూ దాని పేరే వచ్చింది.

ఇక్కడ డాక్టరమ్మ అడగడం మొదలుపెట్టింది. నీళ్లు ఎక్కువ తాగడం ఎప్పటినుంచి? ఠక్కున చెప్పాను. ఆ శుక్రవారం అది నా పాఠం కదా. చీమలు? అదీ చెప్పాను. చిక్కిపోవడం, ఆకలి, నీరసం, అన్నీ వరసగా, రోజులతో సహా చెప్పాను. ఆవిడ రాసుకుంటూ తలెత్తి, "అన్నీ చూశారే!" అంది. వెటకారంగా కాదు. ఆశ్చర్యపోయింది, అంతే. అక్కా, ఆ మాట దగ్గర్నుంచి నేను కదల్లేకపోతున్నాను.

నీకు రాయనివి ఉన్నాయి. బళ్లో రెండుసార్లు కళ్లు తిరిగి పడిపోయిందని టీచరు కబురు పంపింది. పక్క తడుపుతోందని, ఆసుపత్రికి తీసుకెళ్దామని విమల అంది. ఈస్టరు అయ్యాక చూద్దామన్నాను. పొరుగూళ్ల నుంచి జనం వస్తున్నారు, పాస్టరు కూతురికి జబ్బంటే ఏమనుకుంటారోనని లోపల ఓ మూల ఉంది. అది నీకు ఎట్లా రాస్తాను?

విమల నాతో మాట్లాడటం లేదు. నేను అడిగినదానికి పున్నయ్యకి జవాబు చెబుతుంది, నాకు వినపడేలా.

ఇంకా కళ్లు తెరవలేదు. తెరుస్తుందంటున్నారు. గేటు దాటాను అక్కా. లోపలే ఉన్నాను.


భిలాయ్,
మే మొదటి వారం.

జోజీ,

ఫోన్ చేతికొచ్చాక నీకు నోరు పోయింది. నేను మాట్లాడుతుంటే ఊఁ అంటావు, లేదంటే విమలకిస్తానంటావు. అందుకని మళ్లీ ఉత్తరమే.

పిల్ల గొంతు రోజూ వింటున్నాను. తనే సూది వేసుకోవడం నేర్చుకుంటోందట, నాకు గొప్పలు చెబుతోంది. ఆ మంగళవారం సాయంత్రం కళ్లు తెరిచి, నన్ను చూసి, "అత్తా, నువ్వెప్పుడొచ్చావు?" అందే, ఆ మాట తలుచుకునే నేను ఇంకా డ్యూటీలు చేస్తున్నాను. కాబట్టి ఈ ఉత్తరం దాని గురించి కాదు. నీ గురించి.

పున్నయ్య నాకు ఫోన్ చేశాడు. ఈస్టరు దగ్గర్నుంచీ వాక్యం చదివి, పాఠం చెప్పకుండా కూర్చుంటున్నావట. మందిరం తాళంచెవి ఆయన చేతిలో పెట్టి, ఇంకెవరినైనా చూసుకోమన్నావట. అది నీ ఇష్టమని ఊరుకుందును. కానీ ఆయన ఇంకో మాట చెప్పాడు. రెడ్డిగూడెం నుంచి ఒకాయన వచ్చి, నిజమైన విశ్వాసం ఉంటే ఆ సూదులెందుకు, ఉపవాస ప్రార్థన పెట్టి సూది మాన్పించండని నలుగురిలో అన్నాడట. నువ్వు తలొంచుకుని విన్నావట.

అది విన్న వెంటనే ఇది రాయడానికి కూర్చున్నాను. నువ్వు మాన్పించవు, నాకు తెలుసు. మాన్పిస్తే విమల నిన్ను బతకనివ్వదు. కానీ అక్కడ కూర్చున్న వాళ్లలో ఏ తల్లో ఆ మాట ఇంటికి పట్టుకెళ్తే? నీ నోట్లోంచి వచ్చే ప్రతి మాటా పాఠమని వాళ్లకి నువ్వే అలవాటు చేశావు. ఇప్పుడు నీ మౌనం కూడా పాఠమే. ఆయన అన్నాడు, అయ్యగారు కాదనలేదు. అంతే కదా వాళ్లకి తెలిసేది?

నీకు సిగ్గుగా ఉంది. ఉండాలి. నేనూ నిన్ను ఊరికే వదలను. ఆ కాగితం నా బైబిల్లోనే ఉంది, రెండు వైపులా చదువుతుంటాను. కానీ నీ కళ్లు తప్పు చేశాయని మాత్రం నేననను. నువ్వు అంత వివరంగా చూసి రాయకపోతే, ఇంత దూరంలో ఉన్న నాకు ఏం తెలిసేది? చూడటం నీకిచ్చిన వరమే. చూసిందాన్ని అక్కడికక్కడే ప్రసంగం చేసెయ్యడమే నీ తొందర. దేవుడు మనతో మాట్లాడతాడని నువ్వెంత నమ్ముతావో నేనూ అంతే నమ్ముతాను. ఒరేయ్, ఆ చీమలు నీకు ప్రసంగం ఇవ్వడానికి రాలేదు. పిల్లకి బాగాలేదని కబురు చెప్పడానికి వచ్చాయి. కబురు అందితే ముందు లేచి వెళ్లాలి. అర్థం తర్వాత చూసుకోవచ్చు.

తాళంచెవి వెనక్కి తీసుకుంటావో లేదో నీ ఇష్టం. ఆ రెడ్డిగూడెం ఆయనకి మాత్రం జవాబు నువ్వే చెప్పాలి. ఇంకెవరు చెప్పినా వాళ్లు వినరు.

అక్క


ఆగిరిపల్లి,
మే నెలాఖరు.

ప్రియమైన అత్తకి,

నేను బాగున్నాను. నువ్వు కూడా బాగున్నావని తలుస్తాను. నాన్న నీకు ఉత్తరం మొదలుపెట్టి, చింపేసి, మళ్లీ మొదలుపెడుతున్నాడు. అందుకని నేను రాస్తున్నాను. ఏమేం రాయాలో నాన్న చెప్పలేదు. నాకు తెలిసింది రాస్తున్నాను.

నీ ఉత్తరం వచ్చిన రోజు నాన్న నన్ను పిలిచి, "ఆదివారం మందిరంలో నీ సంగతి చెప్పనా అమ్మా?" అని అడిగాడు. నేను వద్దన్నాను. అందరూ నావైపు తిరిగి చూస్తారు, నాకు నచ్చదు. సరే అన్నాడు. ఇంతకుముందు ఎప్పుడూ అడగలేదు.

ఆదివారం నాన్న వాక్యం చదివాక కూర్చోలేదు. అప్పుడు నాన్న, "ఇవాళ పాఠం లేదండీ, ఒక్క మాటుంది" అన్నాడు. మీ ఇళ్లల్లో ఏ పిల్లయినా ఊరికే నీళ్లు తాగుతున్నా, తింటున్నా చిక్కిపోతున్నా, బాత్రూమ్‌కి చీమలు పడుతున్నా నాకు చెప్పడానికి రాకండి, నేను మళ్లీ ఏదో అర్థం చెబుతాను, ముందు నూజివీడు తీసుకెళ్లండి అన్నాడు. ప్రార్థన ఆటోలో చేసుకుందాం, నేనూ ఎక్కుతాను అన్నాడు. రెడ్డిగూడెం ఆయన లేచి, మరి విశ్వాసం మాటేంటండీ అన్నాడు. నాన్న, "నేటి అన్నం నేడు దయచెయ్యమని రోజూ అడుగుతాం కదండీ. మా ఇంట్లో ఆ అన్నం సూదిలో వస్తోంది. దేవుడు పంపిన అన్నాన్ని తోసెయ్యడం విశ్వాసం కాదు" అన్నాడు. నా పేరు మాత్రం చెప్పలేదు. ఆయన చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. ఇంకా కొంతమంది వెళ్లిపోయారు. ఇప్పుడు బయట పట్టాలు పరవడం లేదు.

మర్నాడు మా బడి టీచరు వాళ్ల చెల్లెలి కొడుకుని నూజివీడు తీసుకెళ్లింది. వాడికి ఏమీ లేదట. నాన్న కూడా వాళ్లతో ఆటోలో వెళ్లాడు. వచ్చేటప్పుడు నవ్వుకుంటూ వచ్చాడు.

అమ్మ నాన్నతో మాట్లాడుతోంది. ఎక్కువ కాదు. ఉప్పు చాలిందా అని అడుగుతోంది.

ఇప్పుడు ఊరంతా రసాలు. కోతలు జోరుగా ఉన్నాయి. అమ్మ షుగరు లెక్క చూసి నాకు ఒక చిన్న ముక్క పెడుతుంది. నాన్నకి మాత్రం ఆ వాసన పడటం లేదు. ఎవరైనా పళ్లు తెస్తే లేచి పెరట్లోకి వెళ్లిపోతాడు.

అత్తా, ఇది ఎవరికీ చెప్పకు. పొద్దున ప్రార్థనకి ముందు నాన్న నా పక్కన మోకాళ్ల మీద కూర్చుంటాడు. నేను నిద్రపోతున్నాననుకుని నా నోటి దగ్గర మొహం పెట్టి గాలి పీలుస్తాడు. చాలాసేపు అలాగే ఉంటాడు. నాకు గిలిగింతలొస్తాయి కానీ కదలను. తర్వాత, "ఏ వాసనా లేదు" అని మెల్లగా అంటాడు. అదే మా ప్రార్థనకి మొదటి మాట. దానికి అమ్మ వంటింట్లోంచి ఆమేన్ అంటుంది.

నీ మేనకోడలు,
కెజియా